దగ్గు కనిపించలేదు

"పరీక్ష సమయంలో రోగికి దగ్గు కనిపించలేదు."

నేను వరండాలో నిలబడి ఈ వాక్యం చదువుతున్నంతసేపూ లోపలి గదిలో మా ఆయన దగ్గుతూనే ఉన్నాడు. మంచం కోడు పట్టుకుని, వంగిపోయి, కళ్ళ నీళ్ళు కారేలా దగ్గుతున్నాడు. ఉత్తరం తెచ్చిన పోస్టు మనిషి కూడా గేటు దగ్గర ఆగి, "ఆర్విల్‌కి ఇంకా తగ్గలేదా డెల్ఫక్కా?" అని అడిగి మరీ వెళ్ళాడు. గేటు దాకా వినిపించిన దగ్గు, ఎదురుగా రెండడుగుల దూరంలో కూర్చున్న డాక్టరుకి కనిపించలేదట!

ఒళ్ళు మండిపోయింది.

ఉత్తరంలో ఇంకా చాలా ఉంది. ఎక్స్‌రే మసకగా వచ్చిందట. ఎలా ఉన్నావని అడిగితే బాగానే ఉన్నానని రోగి స్వయంగా చెప్పాడట. ఊపిరితిత్తుల్లో బొగ్గుధూళి చేరిందనడానికి తగిన ఆధారం లేదట. కాబట్టి ప్రస్తుత పనిలోనే కొనసాగవచ్చట. ప్రస్తుత పని అంటే ఏమిటో రాసినవాడికి తెలుసా? కొండ కడుపులో మైలున్నర లోపల, నడుమెత్తు కప్పు కింద వంగి, బొగ్గు కోసే యంత్రం వెనకాల ఆ ధూళినే పీలుస్తూ పది గంటలు.

కొత్త చట్టం వచ్చి ఏడాదిన్నర అయింది. ఛాతీలో ధూళి చేరిందని డాక్టరు రాసిస్తే చాలు, ఆ మనిషిని కంపెనీ గనిలోంచి తీసి పైన గాలి తగిలే పనిలో పెట్టాలి. మా గనిలో దీపాల గది ముసలాయన వచ్చే నెల దిగిపోతున్నాడు. టోపీలకు పెట్టుకునే దీపాలు తుడవడం, పొద్దున ఇవ్వడం, సాయంత్రం తీసుకోవడం, అంతే పని. ఆ చోటు దొరికితే ఆర్విల్ బతుకుతాడు. దొరక్కపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. వాళ్ళన్న హోబర్ట్ మూడు చలికాలాల కిందట మా వంటింట్లోనే, పడుకుంటే ఊపిరాడక కుర్చీలో కూర్చుని, ఆ కుర్చీలోనే పోయాడు. అప్పటికి అతనికి నలభై ఏడేళ్ళు. ఆర్విల్‌కి ఇప్పుడు నలభై ఆరు.

ఆ డాక్టర్ని నోటికొచ్చినట్టు తిట్టాను. పాస్టరు భార్య దారినపోతూ విని, తల దించుకుని నడక పెంచింది. విననీ. తిట్టి తిట్టి అలిసిపోయాక నా చేతుల వంక చూసుకున్నాను. వేళ్ళ సందుల్లో దగ్గుమందు బెరడు రంగు ఇంకా వదల్లేదు. అప్పుడు నా అరికాలి మంట నెత్తికెక్కింది. పరీక్ష రోజు మా ఆయన దగ్గకుండా చేసింది నేనే.

మా స్పైస్‌వుడ్ లోయలో ఎవరికి దగ్గొచ్చినా ముందు నా దగ్గరికే వస్తారు. కెంటకీ కొండల్లో డాక్టరు ఇరవై మైళ్ళ అవతల, నేను వాగు దాటితే చాలు. పసిపిల్లలకైతే ఉల్లిగడ్డని పొయ్యి బూడిదలో కాల్చి, పిండి, ఆ రసం ఇస్తాను. ముక్కు దిబ్బడకి కుందేలు చెవిలా మెత్తగా ఉండే ములిన్ ఆకు వేడినీళ్ళలో వేసి ఆవిరి పట్టిస్తాను. గొంతు గరగరకి ఉప్పునీళ్ళు పుక్కిలించమంటాను. తేనె, నిమ్మరసం ఎవరైనా కలుపుతారు, అది మందు కాదు, మర్యాద. అసలు మందు అడవి చెర్రీ బెరడు. ఆకు రంగు తిరిగే రోజుల్లో లేతకొమ్మల మీద పైపొట్టు గీకేస్తే లోపల పచ్చగా ఇంకో పొర ఉంటుంది, అది కావాలి. కళపెళా మరిగించకూడదు, సత్తువంతా ఆవిరైపోతుంది. వేడినీళ్ళు పోసి, మూత పెట్టి, పొద్దునదాకా వదిలేయాలి. వడకట్టి, సోర్‌వుడ్ పూల తేనె కలిపి, పెద్దవాళ్ళకైతే కాస్త మొక్కజొన్న సారా. రెండు చెంచాలు పడితే ఎంతటి దగ్గయినా గంటసేపు తోక ముడవాల్సిందే.

ఇది మా అమ్మ నేర్పింది. నేర్పేటప్పుడు ఒక మాట కూడా చెప్పింది. "ఏదో ఒకటి బయటికి తెచ్చే దగ్గుని ఆపకే డెల్ఫా, అది దాని పని అది చేస్తోంది. ఏమీ తేకుండా ఉత్తినే పీక్కుతినే దగ్గుందే, దాన్ని ఆపు." బెరడు సంగతి గుర్తు పెట్టుకున్నాను. ఈ మాట మర్చిపోయాను. మర్చిపోయాననడం కూడా అబద్ధమే. గుర్తుండే చేశాను, పరువు కోసం.

మా వాళ్ళకి డాక్టరు దగ్గరికి పోవడమంటే చర్చికి పోవడమే. ముందురోజు స్నానం, ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు. పరాయి మనిషి మొహాన దగ్గడం, వాళ్ళ గదిలో ఉమ్మడం అంటే చచ్చేంత సిగ్గు. ఎలా ఉన్నావని అడిగితే "బాగానే ఉన్నానండి, చెప్పుకోవడానికేం లేదు" అనాలి. కాలు విరిగినా ఇదే జవాబు. హోబర్ట్ పోయే ముందు రోజు పాస్టరు వచ్చి అడిగితే, గుక్కగుక్కకీ ఆగుతూ ఇదే మాట పూర్తిచేయడానికి మూడు నిమిషాలు తీసుకున్నాడు. అది మా పెంపకం. అంతకంటే పెద్ద తెలివితక్కువతనం ఈ భూమ్మీద ఇంకోటి లేదు.

పరీక్ష రోజు పొద్దున కాఫీతోపాటు మూడు చెంచాలు పోశాను. కంపెనీ భవనం ముందు కారు ఆపాక ఇంకో రెండు.

"డాక్టరు ముందు నా పరువు తియ్యకు" అన్నాను కూడా.

"నీ మందు తాగాక దగ్గుకి ఎంత ధైర్యమే రావడానికి!" అన్నాడు ఆర్విల్.

ఉత్త చేతుల్తో పోకూడదని డాక్టరుకి కూడా ఒక సీసా పట్టుకెళ్ళాను. పచ్చళ్ళు పెట్టుకునే గాజుసీసా, నీలంగళ్ళ గుడ్డలో కట్టి. డాక్టర్ హాల్‌స్టెడ్ కుర్రవాడు, నగరం నుంచి వారానికి రెండు రోజులు వస్తాడు. తెల్లటి చేతులు. ఆ రోజు ఆయనకే జలుబు చేసి ముక్కు ఎర్రబడి ఉంది. సీసా మూత తీసి వాసన చూసి, "ఇది మీరే చేశారా అమ్మా?" అన్నాడు. "మా ఇంట్లో తయారైందే డాక్టరు గారూ" అన్నాను మురిసిపోతూ. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"ఎలా ఉన్నారు ఆర్విల్?" అని అడిగాడు డాక్టరు.

"బాగానే ఉన్నానండి, చెప్పుకోవడానికేం లేదు. తమరెలా ఉన్నారు?"

డాక్టరు పాపం తన జలుబు గురించి ఐదు నిమిషాలు చెప్పాడు. మా ఆయన అయ్యో అయ్యో అంటూ విన్నాడు. గంటంబావు ఆ భవనంలో ఉంటే ఒక్కసారి గొంతు సవరించుకోలేదు. బయటికొచ్చి కారెక్కాక నేను గర్వంగా, "చూశావా!" అన్నాను. అంతే, ఇంటికొచ్చేదాకా ఇద్దరం నవ్వుకుంటూ వచ్చాం. తన గొయ్యి తానే తవ్వుకుంటూ ఈల వేసినట్టు.

ఉత్తరం వచ్చిన మర్నాడు ఓమా వచ్చింది. ఓమా మా వాగు అవతలి మనిషి, దాని మొగుడు బర్లిన్ మా ఆయన జట్టులోనే పని. దాని చేతిలోనూ ఒక ఉత్తరం.

"నాకు చదవడం సరిగ్గా రాదు, కాస్త చూడక్కా" అంది.

చూశాను. ఎక్స్‌రే మసక. రోగి బాగానే ఉన్నానన్నాడు. పరీక్ష సమయంలో దగ్గు కనిపించలేదు.

"ఆ రోజు పొద్దున బర్లిన్‌కి నా మందు పోశావా?" అన్నాను.

"పొయ్యకపోతే ఎలా? నాలుగు చెంచాలు పోశా. అబ్బ, ఏం పనిచేసిందక్కా! ఒక్క దగ్గంటే ఒక్క దగ్గు లేదు. నీ చెయ్యి బంగారం" అంది ఓమా, మనస్ఫూర్తిగా.

ఇంకా అడిగితే తేలిందేమిటంటే, వాగు ఎగువన క్లెల్ ఇంటికి కూడా ఉత్తరం వచ్చింది. వాళ్ళింట్లోనూ పోయిన నెల నేనిచ్చిన సీసా ఉంది. ముగ్గురు మనుషులు. ముగ్గురికీ ఊపిరి ఆడదు, ముగ్గురూ నోరు మూసుకుని పెద్దమనుషుల్లా కూర్చుని వచ్చారు. కంపెనీకి ఇంత సాయం ఎవరు చేయగలరు? జీతం లేని నౌకరీ చేశాను.

అక్కడితో అయినా బాగుండేది. గోరుచుట్టు మీద రోకటిపోటులా శుక్రవారం కంపెనీ ట్రక్కు మా గేటు ముందు ఆగింది. దిగినవాడు టాలీ, గనిలో భద్రత చూసే ఉద్యోగి, మా పినమామ వైపు వాడే. చేతిలో ఒక అచ్చు కాగితం.

"గని స్నానాలగది గోడకి అంటిస్తున్నాం డెల్ఫక్కా. నీకు చూపిద్దామని తెచ్చా."

పైన పెద్ద అక్షరాలతో ఉంది: దగ్గు నివారణకు సహజమైన ఇంటి చిట్కాలు. కింద వరసగా తేనె, నిమ్మరసం, ఉప్పునీటి పుక్కిలింత, ఆవిరి, గోరువెచ్చని నీళ్ళు ఎక్కువగా తాగడం, తలకింద ఇంకో దిండు. అట్టడుగున చిన్న అక్షరాలతో, స్థానికంగా తయారయ్యే చెర్రీ బెరడు మందు త్వరలో దీపాల గదిలో ఉచితంగా లభించును.

"ఈ ఆఖరుది ఏంటిరా?" అన్నాను.

"అదే చెబ్దామని వచ్చా. నువ్విచ్చిన సీసా డాక్టరుగారికి తెగ నచ్చిందట. సూపరింటెండెంటు దాకా వెళ్ళింది కబురు. నెలకి నలభై సీసాలు చేసి పెట్టగలవా అని అడగమన్నారు. షిఫ్టుకి దిగేముందు ఒక్కో చెంచా పోసి పంపిస్తారట."

"పోసి ఎక్కడికి పంపిస్తారు?"

"ఎక్కడికేంటి, గనిలోకి."

నా చేతిలో చిక్కుళ్ళ గిన్నె ఉంది. వాడి నెత్తిన పడలేదంటే అది వాడి అదృష్టం.

"ఒరే టాలీ, కోత యంత్రం మీద నీళ్ళు చల్లే గొట్టాలు పాడై ఎన్నాళ్ళయింది?"

వాడు టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఉండొచ్చు ఎనిమిది నెల్లు."

"నీళ్ళు చల్లితే ధూళి లేవదు. ధూళి లేవకపోతే దగ్గు రాదు. ఆ చిట్కా రాయలేదేం నీ కాగితంలో? కాగితం చాల్లేదా? లోపల మనుషుల్ని ధూళి తినమని, పైకొచ్చాక తేనె నాకమంటారా? దిండు ఇంకోటి పెట్టుకోవాలా? మా బావగారు ఆరు దిండ్లు పెట్టుకున్నా పడుకోలేక కుర్చీలో చచ్చిపోయాడురా!"

"నా మీద అరుస్తావేంటక్కా, పైవాళ్ళు చెప్పమన్నది చెప్పా."

"నేనూ పైవాళ్ళకే చెప్తున్నా, మధ్యలో నీ చెవులున్నాయి కాబట్టి నీకు వినిపిస్తోంది. నా చెట్టు బెరడు ఒక్క ముక్క కూడా కంపెనీ గడప తొక్కదని చెప్పు. పో."

వాడు పోయాడు. పోతూ పోతూ ఆ కాగితం మా వరండా మెట్టు మీద వదిలేసి పోయాడు. పొయ్యి అంటించడానికి పనికొచ్చింది.

ఆ సాయంత్రం ఆర్విల్ మొక్కజొన్న రొట్టె మజ్జిగలో నలుపుకుని తింటుంటే చెప్పేశాను. ఉత్తరంలో రెండు నెలల్లోపు ఇంకో పరీక్ష అడగొచ్చని ఉంది. అడుగుతున్నాం. ఆ పరీక్షకి వెళ్ళేదాకా చుక్క మందు ఇవ్వను. డాక్టరు ముందు దగ్గాలి.

రొట్టె గిన్నె పక్కకి తోసేశాడు.

"ఏంటే, సంతలో గుర్రం పళ్ళు చూపించినట్టు నా దగ్గు చూపించి అడుక్కోమంటావా?"

"అడుక్కోవడం కాదయ్యా, ఉన్నది చూపించమంటున్నా."

"మా నాన్న ఒక్క మనిషి ముందు దగ్గలేదు."

"అందుకేగా ఎవడూ ఆయన ఎందుకు పోయాడని కూడా అడగలేదు!"

"నీ మందు లేకపోయినా ఆపుకోగలను నేను. చూస్తూండు."

"అదే నా భయం" అన్నాను. ఆ మొండిఘటం ఆపుకోగలడు. గుడ్లు తేలేసి, మెడ నరాలు పొంగి, పెదాలు నీలంగా తిరిగినా సరే పరాయి మనిషి ముందు నోరు విప్పడు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆ సంగతి మాత్రం నేర్చుకున్నాను. కోపం ఆయన మీద చూపలేక గిన్నెల మీద చూపించాను. రెండు సొట్టలు పడ్డాయి.

ఓమాకి కూడా చెప్పి చూశాను, బర్లిన్‌కి మందు ఆపెయ్యమని, దగ్గనివ్వమని. అది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నా మొగుణ్ణి పదిమందిలో కుక్కలా దగ్గించమంటావా? నీకు సిగ్గు లేకపోతే లేదు, మాకుందమ్మా" అని కోపంగా వాగు దాటి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నా మొహం చూడలేదు.

సరే, మనిషి నోరు విప్పడు. మరి ఆధారం ఎక్కడినుంచి తేవాలి? రోజూ పొద్దున ఆర్విల్ లేవగానే వెనక వరండాలోకి పోయి పావుగంట దగ్గుతాడు. అక్కడ ఆయన కోసం ఒక ఖాళీ కాఫీ డబ్బా పెట్టి ఉంచుతాను. దాన్ని నేనే కడుగుతాను, మూడేళ్ళుగా కడుగుతున్నాను. సోమవారం డబ్బా వంచబోతూ ఆగిపోయాను. లోపలున్నది నల్లగా, సిరాలా ఉంది. మా అమ్మ పక్కన నిలబడి చెప్పినట్టే వినిపించింది, బయటికి తెచ్చే దగ్గు దాని పని అది చేస్తోందని. మూడేళ్ళుగా అది పని చేస్తూనే ఉంది, నేను పారబోస్తూనే ఉన్నాను.

లోపలికి పోయి గాజుసీసా ఒకటి వేడినీళ్ళతో కడిగి తెచ్చాను. పదకొండు పొద్దులు డబ్బాలోది దాన్లోకి వంచాను. ఆయనకి చెప్పలేదు. కట్టెల పాకలో, పై అరలో దాచాను. అసహ్యం వేయలేదా అంటే వేసింది. అంతకంటే ఎక్కువగా కోపం వేసింది, అందుకే చేయగలిగాను.

రెండో పరీక్షకి ఆర్విల్ మళ్ళీ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. భవనం మెట్లు పదహారు. ఎనిమిదో మెట్టు దగ్గర ఆగి, గోడ మీది బొమ్మ చూస్తున్నట్టు నటించాడు. పన్నెండో మెట్టు దగ్గర బూటు లేసు సరిచేసుకున్నాడు. వెనకాల నేను, సంచిలో రెండు సీసాలతో.

డాక్టర్ హాల్‌స్టెడ్ లేచి నిలబడి పలకరించాడు. జలుబు తగ్గి మొహం కళగా ఉంది.

"మీ మందు అద్భుతం అమ్మా! రెండ్రోజుల్లో తగ్గిపోయింది. మా ఆవిడ కూడా అడుగుతోంది." తర్వాత మా ఆయన వైపు తిరిగాడు. "ఎలా ఉన్నారు ఆర్విల్?"

ఆర్విల్ మొహం బీట్‌రూట్‌లా ఉంది. మెడ నరం తాడులా పొంగింది. కుర్చీ చేతుల్ని పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి.

"బాగానే ఉన్నా..." మిగతాది మింగేశాడు.

డాక్టరు తల వంచి కాగితం మీద పెన్ను పెట్టాడు. ఆ కలం కదలడం చూశాను. అదే మాట రాస్తున్నాడు మళ్ళీ. వచ్చిన మనిషిని చూడడు, చెవులతో విన్నది మాత్రం తు.చ. తప్పకుండా రాస్తాడు. ఇక ఆగలేకపోయాను. నీలంగళ్ళ గుడ్డలో కట్టిన సీసా తీసి ఆ కాగితం మీదే పెట్టాను.

"అయ్యో, మళ్ళీ తెచ్చారా! ఎందుకమ్మా మీకు శ్రమ" అంటూ నవ్వుతూ ముడి విప్పాడు. గుడ్డ జారింది. నవ్వు అలాగే ఉండి కళ్ళు మాత్రం మారాయి. మూత తిప్పాడు. తిప్పిన చెయ్యి ఆగిపోయింది.

"ఏంటిది?"

"ఇదీ మా ఇంట్లో తయారైందే డాక్టరు గారూ. కాకపోతే నేను చెయ్యలేదు. పదకొండు పొద్దులు ఆయన చేశాడు. సరుకు మాత్రం కంపెనీది."

ఆర్విల్ సీసా వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్ళీ సీసా వంక చూశాడు. సిగ్గుతో చచ్చిపోతాడేమో, నన్ను చంపేస్తాడేమో అనుకున్నాను. కానీ ఆయన పెదవి వణికింది.

"ఓసి నీ... పచ్చళ్ళ సీసాలోనా!" అని నవ్వు ఆపుకోలేకపోయాడు.

నవ్వుకి తలుపు తీస్తే దగ్గు తోసుకుని వచ్చేసింది. అన్నాళ్ళు మింగినదంతా ఒక్కసారిగా. కుర్చీలోంచి ముందుకి పడిపోయి, బల్ల అంచు పట్టుకుని, ఊపిరి తీయడానికి సందు లేకుండా దగ్గాడు. డాక్టరు గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు, అవి చొక్కా మీద పడ్డాయి. చేతిరుమాలు ఇచ్చాడు. తెల్లటి రుమాలు నల్లగా తిరిగి వచ్చింది. గోడ గడియారం చూశాను. రెండు నిమిషాలు. మూడు. పెదాలు నీలంగా మారుతున్నాయి.

డాక్టరు కంగారుగా నా వైపు తిరిగాడు. "మీ మందు లేదా?"

"ఉంది. సంచిలో ఉంది."

"మరి పొయ్యండమ్మా, చూస్తారేంటి!"

"మీరు రాశాక పోస్తా."

ఈ మాట అన్నది నేనే. నా చెయ్యి సంచిలో, సీసా మూత మీద ఉంది. ఇరవై నాలుగేళ్ళుగా ఆ మనిషి చిన్నగా దగ్గినా లేచి పరిగెత్తే చెయ్యి అది. ఇప్పుడు ఎదురుగా కొట్టుకుంటున్నా కదలనివ్వలేదు. దేవుడు నన్ను దీనికి ఏమైనా అననీ, అక్కడికి పోయాక జవాబు చెప్పుకుంటాను. ముందు ఆ పెన్ను కదలాలి.

"కిందటిసారి దగ్గు కనిపించలేదని రాశారు. నేను పోసి పంపిస్తే కనిపించలేదు. ఇప్పుడు కనిపిస్తోందా డాక్టరు గారూ?"

డాక్టరు నా మొహంలోకి చూశాడు. చెడ్డవాడు కాదు, అది ఒప్పుకోవాలి. చూడమని ఎవరూ చెప్పనిది చూడని మనిషి, అంతే. రాసిన కాగితం నలిపేసి కొత్తది తీసుకున్నాడు. నిలబడే రాశాడు. రాసింది నాకు వినిపించమన్నాను, వినిపించాడు. తీవ్రమైన దగ్గు, నల్లటి కఫం, ఎక్స్‌రే మళ్ళీ తీయించాలి, అంతవరకు గనిలోకి దించకూడదు. కింద సంతకం.

అప్పుడు పోశాను. రెండు చెంచాలు, తర్వాత ఇంకోటి. ఆర్విల్ నా భుజం మీద తల ఆనించి, మెల్లగా ఊపిరి అందుకున్నాడు. చాలాసేపటికి, "రాక్షసివే నువ్వు" అన్నాడు.

"అవును" అన్నాను.

వెళ్ళేటప్పుడు డాక్టరు ఆ నల్ల సీసాను గుడ్డలో చుట్టి నా చేతికివ్వబోయాడు. నేను తీసుకోలేదు.

"మా లోయలో ఎవరూ సీసాని ఖాళీగా తిరిగివ్వరు డాక్టరు గారూ. ఏదో ఒకటి వేసి పంపుతారు. మొదటి సీసాకి మీరు ఆ ఉత్తరం పంపారు. దీనికేం పంపుతారో చూస్తా."

రెండోసారి ఎక్స్‌రే రెండు వైపుల నుంచీ తీశారు. ఈసారి మసక లేదు. పంతొమ్మిదో రోజున ఉత్తరం వచ్చింది. పోస్టు మనిషి గేటు దగ్గరే నిలబడ్డాడు, నేను చదివి ఏడవడం చూసి గాభరాపడి, తర్వాత నవ్వడం చూసి ఇంకా గాభరాపడి వెళ్ళిపోయాడు. మంగళవారం నుంచి దీపాల గది. పచ్చళ్ళ సీసా కబురు అప్పటికే లోయంతా తిరిగింది. నీళ్ళ గొట్టాలు మాత్రం ఇంకా బాగుచేయలేదు. స్నానాలగది గోడ మీద ఆ చిట్కాల కాగితం ఇంకా ఉందట, టాలీ చెప్పాడు. తిట్టాల్సింది చాలా మిగిలే ఉంది.

ఆ ఆదివారం చర్చి అయ్యాక ఓమా మా మెట్ల దగ్గరికి వచ్చింది. ఇన్నాళ్ళూ మొహం తిప్పుకున్న మనిషి, చూపు నేల మీద పెట్టి నిలబడింది. పక్కన క్లెల్ భార్య కూడా ఉంది. బర్లిన్‌కి దగ్గు ఎక్కువైంది కాబోలు, మందు అడుగుతుందనుకుని లోపలికి వెళ్ళి నిండు సీసా తెచ్చి చేతిలో పెట్టబోయాను.

ఓమా దాన్ని పక్కకి జరిపింది.

"ఇది కాదక్కా" అంది. "ఖాళీవి రెండుంటే ఇవ్వు."